ఉమ్మడి ఫోల్డరు – అనుమతి చిక్కులు : ఒక పరిశీలన

ఊరి చెరువు ఊరివారందరిది. అయినను తూము ఎత్తు అధికారము నీరుగంటిది. గ్రంథాలయములోని పుస్తకములు పాఠకులందరివి. అయినను బీరువా తాళపుచెవి గ్రంథపాలకుని వద్దనే ఉండును. పదిమంది సొత్తు పదికాలములు నిలువవలెనన్నచో పంపకమునకు ఒక కట్టుబాటు ఉండవలెనని ఎరిగియే మన పెద్దలు ఇట్టి ఏర్పాట్లు చేసిరి. నేడు కళాశాలల కంప్యూటరు గదులలో ‘ఉమ్మడి ఫోల్డరు’ అను పేర వాడుకలోనున్న సదుపాయమునకు గూడ ఈ ధర్మమే మూలము.

ఒక కంప్యూటరులోనున్న ఫోల్డరును నెట్‌వర్కు ద్వారా తక్కిన కంప్యూటర్లకు అందుబాటులో నుంచుదురు. విద్యార్థి తన కంప్యూటరునుండి దానిని తెరువబోవును. అంతలో ‘పర్మిషన్ డినైడ్’ అను రెండు మాటలు తెరపై ప్రత్యక్షమగును. అనుమతి లేదు అని వాటి తాత్పర్యము. కొందరు అంతటితో నిరుత్సాహపడి లేచిపోవుదురు. మరికొందరు ఎవరో చెప్పిన ఆజ్ఞను అర్థము తెలియకయే ప్రయోగించి, తలుపులన్నియు బార్లా తెరచి, పని నెరవేరినదని సంతోషింతురు. ఈ రెండవది మొదటిదానికంటె ప్రమాదకరము. ఆ రెండు మాటలు ఏ ద్వారమునుండి, ఏ కారణమున వెలువడినవో తెలిసికొని, ఆ ఒక్క ద్వారమును, కావలసినవారికి, కావలసినంత మేరకే తెరచుట ఎట్లో ఈ వ్యాసమున వివరింపదలచితిమి. కంప్యూటరు శాస్త్రమును ప్రత్యేకముగా అభ్యసింపని విద్యార్థులకును బోధపడవలెనని మా కోరిక.

మౌంటు అనగా నేమి?

విండోస్ వాడువారికి సి, డి అను వేర్వేరు డ్రైవులు పరిచితములు. లినక్స్‌లో అట్లు కాక, ఫోల్డర్లన్నియు ఒకే మూలమునుండి శాఖోపశాఖలుగా విస్తరించిన వృక్షమువలె నుండును. వేరొక కంప్యూటరులోని ఫోల్డరును తెచ్చి ఈ వృక్షమున ఒక చోట తగిలించుటయే మౌంటు చేయుట. మన చిత్తూరు మామిడి తోటలలో అంటుకట్టు పద్ధతిని చూచినవారికి ఇది సులభముగా అర్థమగును. కొమ్మ మన చెట్టుపైననే కనబడును, కాని కాయు కాయ తన జాతిదే. అట్లే మౌంటు చేసిన ఫోల్డరు మన కంప్యూటరులో కనబడుచున్నను, దానిపై చెల్లుబాటగు కట్టుబాట్లు దాని స్వస్థానమైన సర్వరువి. ఈ ఒక్క విషయమును మరచుటవలననే సగము చిక్కులు కలుగుచున్నవి.

ఇట్లు పంచుకొనుటకు ముఖ్యముగా రెండు పద్ధతులు ప్రచారములో నున్నవి. మొదటిది సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో ప్రవేశపెట్టిన నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. దీనిని ఎన్.ఎఫ్.ఎస్. అందురు. యూనిక్స్, లినక్స్ కంప్యూటర్ల మధ్య ఇది విరివిగా వాడబడును. రెండవది ఎస్.ఎమ్.బి. అను పద్ధతి. దీనికి పుట్టినిల్లు ఐ.బి.ఎమ్., మెట్టినిల్లు మైక్రోసాఫ్ట్. విండోస్ కంప్యూటర్లన్నియు దీనినే మాటలాడును. ఆస్ట్రేలియాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచుండిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో ఈ భాషను యూనిక్స్ కంప్యూటర్లకు గూడ నేర్పు ప్రోగ్రామును వ్రాసి ఉచితముగా లోకమునకిచ్చెను. ఎస్, ఎమ్, బి అను మూడక్షరములను వరుసగా గల మాటను నిఘంటువున వెదకి దానికి ‘సాంబా’ అని పేరిడిరి. ఒక విద్యార్థి తన అవసరము కొరకు ఆరంభించిన పని నేడు దేశదేశముల కార్యాలయములకు ఉపకరించుచున్నదని మన విద్యార్థులు గమనింపవలెను.

గుర్తింపు వేరు, అనుమతి వేరు

తిరుమలకు పోవు యాత్రికుని దృష్టాంతము మన ప్రాంతమువారికి చక్కగా బోధపడును. అలిపిరి తనిఖీ కేంద్రమున వాహనమును, సామానును పరీక్షించి కొండపైకి పోనిత్తురు. అంతమాత్రమున దర్శనపు వరుసలో ప్రవేశము లభింపదు. వైకుంఠం క్యూ కాంప్లెక్సు వద్ద టిక్కెట్టును, గుర్తింపు కార్డును చూతురు. కార్డు చూచుట ‘నీవెవరవు?’ అను ప్రశ్నకు, టిక్కెట్టు చూచుట ‘నీకిచట ప్రవేశమున్నదా?’ అను ప్రశ్నకు సమాధానము. అలిపిరిలో నిలిపివేయబడినవానికి వేరొక టిక్కెట్టు ఇప్పించిన ప్రయోజనము లేదు. వైకుంఠము వద్ద నిలిచిపోయినవాడు అలిపిరికి దిగివచ్చి మొరపెట్టుకొన్నను ప్రయోజనము లేదు.

ఉమ్మడి ఫోల్డరునకు గూడ ఇట్టి ద్వారములు మూడు కలవు. ఈ కంప్యూటరును లోనికి రానీయవచ్చునా అనునది మొదటిది. కూర్చున్న వ్యక్తి ఎవరు అనునది రెండవది. ఆ వ్యక్తికి ఈ ఫైలుపై చదువుటకా, వ్రాయుటకా, దేనికి అధికారమున్నది అనునది మూడవది. ఇస్లామీయ విద్యాసంప్రదాయమున గురువు శిష్యునకు ‘ఇజాజా’ నిచ్చు ఆచారము కలదు. ఉర్దూలో అనుమతి నర్థమిచ్చు ‘ఇజాజత్’ అను మాట దీనికి సోదరియే. ఆ పత్రములో ఇచ్చినవారి పేరు, పొందినవారి పేరు, బోధించుటకు అనుమతి లభించిన గ్రంథము పేరు స్పష్టముగా వ్రాయబడును. ఎవరికి, దేనిపై, ఎంతవరకు అను మూడు విషయములును లేని అనుమతి అనుమతియే కాదు. కంప్యూటరు కోరునదియు ఇంతే.

ఎన్.ఎఫ్.ఎస్. పద్ధతిలోని చిక్కులు

ఈ పద్ధతిలో సర్వరునందు ‘ఎక్స్‌పోర్ట్స్’ అను ఫైలొకటి యుండును. ఏ ఫోల్డరును ఏ కంప్యూటర్లకు, చదువుటకు మాత్రమా లేక వ్రాయుటకు గూడనా ఇచ్చినది అందులో పంక్తికొకటిగా వ్రాయబడును. మౌంటు చేయు క్షణముననే ‘యాక్సెస్ డినైడ్ బై సర్వర్’ అని వచ్చినచో ఇది మొదటి ద్వారపు మాట. మన కంప్యూటరు పేరు లేదా చిరునామా ఆ జాబితాలో లేదన్నమాట. ఒక్కొక్కప్పుడు పేరు చేర్చినను ఫలితము కనబడదు. ఫైలును సవరించిన పిమ్మట ‘ఎక్స్‌పోర్ట్ ఎఫ్.ఎస్.’ అను ఆజ్ఞతో ఆ జాబితాను సర్వరు మరల చదువునట్లు చేయవలెను.

ఈ ఫైలులో ఖాళీస్థలమునకు సైతము అర్థమున్నది. కంప్యూటరు పేరును, దాని ప్రక్కన కుండలీకరణములలో వ్రాయు అధికారములను కలిపి వ్రాయవలెను. నడుమ ఒక్క ఖాళీ విడిచినచో అర్థము తలక్రిందులగును. ఆ కంప్యూటరునకు చదువుటకు మాత్రమే అనుమతి లభించి, వ్రాయు అధికారము లోకమునకంతటికిని సంక్రమించును. తెలుగు వాక్యములో విరామచిహ్నము తారుమారైన అర్థభేదము కలుగునని తరగతిలో చెప్పుకొందుము. ఇచట కలుగు భేదము ఒక సంస్థ కాగితములను వీధిలో పరచినంతటిది.

రెండవ ద్వారము వద్ద ఎన్.ఎఫ్.ఎస్. స్వభావము విచిత్రమైనది. దాని సాధారణ విధానమున వ్యక్తి పేరు సర్వరునకు చేరదు, అతని సంఖ్య మాత్రమే చేరును. లినక్స్ కంప్యూటర్లలో పెక్కింట మొదట చేర్చబడిన సామాన్య వినియోగదారునకు 1000 అను సంఖ్య లభించును. ఒక కంప్యూటరున 1000 అనగా తెలుగు విభాగపు విద్యార్థి, ప్రక్క కంప్యూటరున 1000 అనగా ఉర్దూ విభాగపు విద్యార్థిని అనుకొందము. సర్వరు దృష్టిలో ఇద్దరును ఒక్కరే. ఒకరి ఫైలును మరియొకరు దిద్దినను ఎట్టి ఆక్షేపణయు రాదు. అదే వ్యక్తి రెండు కంప్యూటర్లలో రెండు సంఖ్యలు కలిగియున్నచో తన ఫైలును తానే తెరువలేక అనుమతి లేదను మాట వినవలసివచ్చును. నిరాకరణ కంటికి కనబడును. అనర్హునకు కలిగిన ప్రవేశము కనబడదు. కావున రెండు కంప్యూటర్లలోను ‘ఐ.డి.’ అను ఆజ్ఞనిచ్చి సంఖ్యలను సరిపోల్చుట ఎన్.ఎఫ్.ఎస్. చిక్కులలో మొట్టమొదట చేయవలసిన పని.

విద్యార్థులను మిక్కిలి ఆశ్చర్యపరచు విషయము మరియొకటి కలదు. కంప్యూటరుపై సర్వాధికారములు గల ‘రూట్’ వినియోగదారునకు సైతము మౌంటు చేసిన ఫోల్డరులో ప్రవేశము దొరకకపోవచ్చును. తన గ్రామమున మునసబుగా చెలామణియైనవాడు పొరుగూరి కచేరిలో సామాన్యుడైనట్లు, ఇచటి రూట్ అచటికి పోగానే ‘నోబడీ’ అను అనామకుడుగా మార్చబడును. అతని సంఖ్య 65534. దీనిని ‘రూట్ స్క్వాష్’ అందురు. ఇది దోషము కాదు, బుద్ధిపూర్వకముగా చేసిన కట్టడి. కంప్యూటరు గదిలో ఏదో ఒక కంప్యూటరుపై అధికారము సంపాదించినవాడు సర్వరులోని సమస్తమును చేజిక్కించుకొనకుండుటకై ఇది ఏర్పడినది. దీనిని తొలగించి సమస్య తీరినదనుకొనుట తగదు.

సాంబా పద్ధతిలోని చిక్కులు

ఇందు వ్యక్తి తన పేరును, పాస్‌వర్డును తెలిపి లోనికి పోవలెను. మౌంటు చేయునప్పుడు ‘ఎర్రర్ 13’ అను సంఖ్యతో అనుమతి లేదని వచ్చును. ఈ ఒక్క సంఖ్య క్రింద పెక్కు కారణములు దాగియుండును. వాటిని విడదీయుటకు ‘డి-మెసేజ్’ అను ఆజ్ఞ తోడ్పడును. లినక్స్ అంతరంగమున నమోదైన మాటలను అది చూపును. అందు ‘లాగాన్ ఫెయిల్యూర్’ అని యున్నచో సర్వరు మనలను గుర్తింపలేదని యర్థము. పేరో, పాస్‌వర్డో, డొమైనో తప్పియుండును. ‘యాక్సెస్ డినైడ్’ అని యున్నచో మనలను గుర్తించినది కాని అధికారము లేదన్నదని యర్థము. మొదటిదానికి పాస్‌వర్డును సరిచూడవలెను. రెండవదానికి ఎన్నిమారులు పాస్‌వర్డు మార్చినను ఫలము లేదు.

సాంబాకు తన పాస్‌వర్డుల పట్టిక వేరుగా నుండునని పెక్కుమందికి తెలియదు. లినక్స్‌లో ఖాతా తెరచినంత మాత్రమున సాంబాలో పేరెక్కదు. ‘ఎస్.ఎమ్.బి. పాస్‌వర్డ్’ అను ఆజ్ఞతో వేరుగా చేర్చవలెను. మరియు సాంబాలో ప్రత్యేకముగా చెప్పనిచో ఏ ఫోల్డరైనను చదువుటకే గాని వ్రాయుటకు వీలుపడదు. విండోస్‌లోను ఇంచుమించు ఇట్లే. ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్’ ద్వారా కొత్తగా పంచిన ఫోల్డరు అందరికిని చదువుటకు మాత్రమే లభించును. అదియునుగాక అచట పంపకపు అనుమతి, ఫైలు అనుమతి అని రెండంచెలు కలవు. రెండింటిలో ఏది కఠినమైనదో నెట్‌వర్కుపై వచ్చువారికి అదియే చెల్లును. ఒక అంచెను మాత్రమే సడలించి, ఇంకను పని జరుగుటలేదని విసుగుచెందుట అనుభవములో నున్నదే.

మౌంటు నిరాటంకముగా జరిగిన తరువాత గూడ ఫైలు వ్రాయుటకు వీలుకాని సందర్భమొకటి కలదు. విండోస్ ఫోల్డరును లినక్స్‌లో మౌంటు చేసినప్పుడు వేరుగా చెప్పనిచో అందలి ఫైళ్లన్నియు రూట్ సొత్తుగా కనబడును. సామాన్య విద్యార్థి వాటిని చదువగలడు గాని మార్చలేడు. అప్పుడు సీహెచ్‌మాడ్ అను ఆజ్ఞతో ఎన్నిమారులు అధికారములు మార్చబోయినను మారవు. మౌంటు చేయునప్పుడే ఆ ఫైళ్లు ఇచట ఎవరి పేర, ఏ గ్రూపు పేర కనబడవలెనో తెలుపుట దీనికి పరిష్కారము. ఇక ఉర్దూ, తెలుగు లిపులలో పేర్లు పెట్టిన ఫైళ్లు ప్రశ్నార్థకములుగా కనబడుట అనుమతి చిక్కు కాదు. అది లిపిసంకేతమునకు సంబంధించినది. యు.టి.ఎఫ్. 8 సంకేతమును మౌంటు ఆజ్ఞలో పేర్కొన్నచో సరిపడును.

పాస్‌వర్డును ‘ఎఫ్ స్టాబ్’ అను ఫైలులో నేరుగా వ్రాయుట కొన్నిచోట్ల ఆచారమైనది. ఆ ఫైలును కంప్యూటరులోని వారందరును చదువవచ్చును. పాస్‌వర్డును వేరొక ఫైలులో నుంచి, దానికి 600 అను అధికారమునిచ్చి, దాని చోటును మాత్రము ఎఫ్ స్టాబ్‌లో తెలుపుట పద్ధతి.

మూడవ ద్వారము

లినక్స్‌లో ప్రతి ఫైలునకు స్వంతదారు, గ్రూపు, ఇతరులు అను మూడు తరగతులవారికి వేర్వేరు అధికారములుండును. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1. ఈ మూడును కూడిన 7 అగును. 770 అనగా స్వంతదారునకు, గ్రూపునకు సర్వాధికారములు, ఇతరులకు శూన్యము. 777 అనగా దారినపోవు వానికిని సర్వాధికారములు. అనుమతి చిక్కు కలిగినప్పుడెల్ల 777 ప్రయోగించు అలవాటు మన విద్యార్థులలో మిక్కుటముగా నున్నది. తలనొప్పికి తల తీయుట వైద్యము కాదు గదా!

ఫోల్డరు విషయమున ఈ అంకెల యర్థము కొంత మారును. ఫోల్డరుపై 4 అందలి పేర్లను చూచుటకు, 2 అందు ఫైళ్లను చేర్చుటకును తీసివేయుటకును, 1 దానిగుండా లోపలికి పోవుటకు. ఒక ఫైలును తుడిచివేయు అధికారము ఆ ఫైలుది కాక, అది యున్న ఫోల్డరుదని దీనివలన తేలుచున్నది. మరియు లోపలి ఫోల్డరునకు ఎంత అధికారమిచ్చినను, దానికి దారితీయు ప్రతి ఫోల్డరుపైనను 1 లేనిచో అచటికి చేరుట అసంభవము. ఉబుంటు లినక్స్‌లో 2021 ఏప్రిల్‌లో వెలువడిన 21.04 కూర్పునుండి కొత్తగా ఏర్పడు స్వంత ఫోల్డర్లకు 750 అను అధికారమే లభించుచున్నది. అంతకుముందు ఇతరులకు గూడ దారి యుండెడిది. తన స్వంత ఫోల్డరులోపల ఒక ఉమ్మడి ఫోల్డరును పెట్టి, దానికి అన్ని అధికారములునిచ్చి, పని జరుగక విస్తుపోవువారికి కారణము ఇదియే. ‘నేమ్-ఐ’ అను ఆజ్ఞ దారిలోని మెట్లన్నింటి అధికారములను వరుసగా చూపును. ఏ మెట్టు వద్ద అడ్డు తగిలినదో కంటికి కనబడును.

గ్రూపులో కొత్తగా చేర్చబడినవారు లాగౌట్ అయి మరల లాగిన్ అయిననే ఆ అధికారము వారికి సంక్రమించును. వర్చువల్ బాక్స్‌లో లినక్స్ నేర్చుకొను విద్యార్థులకు ఇది ప్రతిదినము ఎదురగు విషయము. అందలి ఉమ్మడి ఫోల్డరును తెరచుటకు ‘వి బాక్స్ ఎస్.ఎఫ్.’ అను గ్రూపులో సభ్యత్వము కావలెను. సభ్యత్వము చేకూర్చుకొని వెంటనే ప్రయత్నించి, ఫలింపలేదని వదలివేయువారు పెక్కుమంది. ఇక రెడ్ హ్యాట్, ఫెడోరా కూర్పులలో అధికారములన్నియు సరిగానున్నను నిరాకరణ వచ్చినచో ‘ఎస్.ఈ. లినక్స్’ అను అదనపు కావలి యున్నదని జ్ఞాపకముంచుకొనవలెను. దానిని ఆర్పివేయక, ఫోల్డరునకు సాంబాకు తగిన గుర్తు తగిలించుట సరియైన మార్గము.

ఒక అభ్యాసము

మన సంచికవంటి పత్రికనే ఉదాహరణముగా తీసికొందము. ఉర్దూ విభాగము, తెలుగు విభాగము, అచ్చునకు పోవు ప్రతులు అని మూడు ఫోల్డర్లు సర్వరులో నున్నవనుకొందము. ఉర్దూ విద్యార్థులు తమ ఫోల్డరులోను, తెలుగు విద్యార్థులు తమ ఫోల్డరులోను వ్రాయవలెను. అచ్చుప్రతులను అందరును చూడవలెను కాని సంపాదకుడొక్కడే మార్చవలెను. దీనికి ఉర్దూ, తెలుగు, సంచిక అను మూడు గ్రూపులు చాలును. అందరిని సంచిక గ్రూపులో చేర్చి, పై ఫోల్డరును ఆ గ్రూపునకు 750గా నుంచవలెను. అందరును లోనికి పోగలరు, అచట కొత్తవి సృష్టింపలేరు. ఉర్దూ, తెలుగు ఫోల్డర్లను ఆయా గ్రూపులకు 2770గా నుంచవలెను. అచ్చుప్రతుల ఫోల్డరునకు సంపాదకుని స్వంతదారునిగా జేసి సంచిక గ్రూపునకు 2750గా నుంచవలెను.

ముందున్న 2 అను అంకెకు ప్రయోజనము గొప్పది. అందు పుట్టిన ప్రతి ఫైలును వ్రాసినవారి స్వంత గ్రూపునకు గాక ఆ ఫోల్డరు గ్రూపునకు చెందును. ఇది లేనిచో ఒక విద్యార్థి వ్రాసిన కథను అదే విభాగపు మరియొక విద్యార్థి దిద్దలేడు. ఇది యున్నను ఒక్కొక్కప్పుడు దిద్దలేకపోవుట కలదు. కొత్త ఫైళ్లకు ఏయే అధికారములు తగ్గించవలెనో తెలుపు ‘యూమాస్క్’ అను సంఖ్య అనేక యంత్రములలో 022గా నుండును. దానివలన గ్రూపువారికి వ్రాయు అధికారము తొలగిపోవును. 002గా మార్చినచో నిలుచును. సాంబాలోనైనచో కొత్త ఫైళ్లకు 0660, కొత్త ఫోల్డర్లకు 2770 అని ముందుగానే నిర్ణయింపవచ్చును. ఎచటను 777 అవసరము రాలేదని విద్యార్థులు గమనింతురుగాక.

2017 మే నెల నేర్పిన పాఠము

ఇంత కట్టడి దేనికని కొందరడుగవచ్చును. సమాధానము మన జిల్లా చరిత్రలోనే కలదు. 2017 మే 12వ తేదీన ‘వన్నాక్రై’ అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమున బయలుదేరి నూట యాబదికి పైగా దేశములలో వ్యాపించెను. ఫైళ్లను గూఢలిపిలోనికి మార్చి, విడిపించుటకు ధనము కోరుట దాని పని. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కంప్యూటర్లు చిత్తూరు జిల్లాతో సహా పలు జిల్లాలలో దీని పాలైనవి. తిరుమల తిరుపతి దేవస్థానముల కార్యాలయ కంప్యూటర్లు కొన్నియు దీని వాతబడినవి. తిరుపతి అప్పటికి చిత్తూరు జిల్లాలోనిదే. 2022 ఏప్రిల్ 4 నుండి వేరు జిల్లా అయినది.

ఈ ప్రోగ్రాము ప్రవేశించిన దారి ఉమ్మడి ఫోల్డర్ల దారియే. ఎస్.ఎమ్.బి. మొదటి కూర్పును విండోస్ నడపు తీరులోని లోపమును పట్టుకొని, ఎవరి అనుమతియు కోరకయే ఒక కంప్యూటరునుండి మరియొకదానికి ప్రాకెను. లోపమును సరిచేయు సవరణను మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14ననే విడుదల చేసియుండెను. దానిని వేసికొననివారు నష్టపోయిరి. లోపలికి వచ్చిన పిమ్మట అది ఆ కంప్యూటరునకు తగిలించియున్న నెట్‌వర్కు ఫోల్డర్లలోని ఫైళ్లను సైతము వదలలేదు. ఇచట అధికారముల ప్రసక్తి వచ్చును. వ్రాయు అధికారమున్నచోటనే ఇట్టి ప్రోగ్రాము ఫైలును చెరుపగలదు. చదువు అధికారము మాత్రమే యున్నచోట దాని చేతులు కట్టువడును. అందరికిని 777 ఇచ్చిన ఫోల్డరులో ఒక్క కంప్యూటరు చెడినను సర్వమును చెడును.

ఈ ఉపద్రవము సంభవించిన సంవత్సరముననే పాత కూర్పును సాగనంపు పని వేగిరమయ్యెను. అదే సంవత్సరము లినక్స్ 4.13 కూర్పునుండి మౌంటునకు మొదటి కూర్పును తానుగా వాడుట మానినది. విండోస్ 10లో 1709వ కూర్పునుండి దానిని కొత్త కంప్యూటర్లలో వేయుట మానిరి. సాంబా 2019లో 4.11 కూర్పునుండి దానిని మూసివేసెను. 2024లో వెలువడిన విండోస్ 11 కూర్పు 24హెచ్2 పాస్‌వర్డు లేని అతిథి ప్రవేశమును ప్రో కంప్యూటర్లలోను నిలిపివేసినది. పాత ప్రింటర్లు, పాత నిల్వపెట్టెలు ఉన్నచోట ‘నిన్నటివరకు తెరచుకొన్నది నేడేల తెరచుకొనదు?’ అను ప్రశ్నకు తరచుగా ఇదియే జవాబు. మౌంటు ఆజ్ఞలో మొదటి కూర్పును బలవంతముగా పేర్కొన్న తెరచుకొనును. కాని 2017లో మూసిన తలుపును మనచేతులతో మనమే తెరచినట్లగును. పాత పరికరమును మార్చుట లేదా దానిలోని సరకును కొత్తదానికి చేర్చుట మేలు.

పరిశీలన క్రమము

పై విషయములను క్రమముగా కూర్చుచున్నాము.

1. తెరపై వచ్చిన మాటను పూర్తిగా చదివి, ఉన్నదున్నట్లు వ్రాసికొనవలెను. మౌంటు చేయునప్పుడు వచ్చినదా, మౌంటు అయిన తరువాత ఫైలు తెరచునప్పుడు వచ్చినదా, భద్రపరచునప్పుడు వచ్చినదా తెలిసికొనవలెను.

2. సర్వరు నెట్‌వర్కుపై పలుకుచున్నదో లేదో చూడవలెను. ఎన్.ఎఫ్.ఎస్. నాల్గవ కూర్పునకు 2049, ఎస్.ఎమ్.బి.కి 445 అను పోర్టులు తెరచియుండవలెను. సర్వరు పలుకనిచో అది అనుమతి చిక్కు కాదు.

3. ఎన్.ఎఫ్.ఎస్.లో ‘షో మౌంట్’, సాంబాలో ‘ఎస్.ఎమ్.బి. క్లయింట్’ అను ఆజ్ఞలతో సర్వరు ఏయే ఫోల్డర్లను పంచుచున్నదో అడుగవలెను.

4. ‘ఐ.డి.’ ఆజ్ఞతో మనమెవరమో, ఏ గ్రూపులలో నున్నామో రెండు చోట్లను చూడవలెను.

5. సర్వరులో ‘నేమ్-ఐ’ ఆజ్ఞతో దారిలోని ప్రతి మెట్టును పరీక్షింపవలెను.

6. సర్వరు దినచర్యను, డి-మెసేజ్‌ను చదువవలెను. తెర ఒక్క మాట చెప్పిన, దినచర్య పది మాటలు చెప్పును.

7. ఒకమారు ఒక్కదానినే మార్చి పరీక్షింపవలెను. ఫలింపనిచో పూర్వస్థితికి తెచ్చి, తరువాతిదానిని పట్టవలెను. పది మార్పులు ఒక్కమారుగా చేసినవాడు చిక్కు విడినను కారణము నెరుగడు.

విద్యార్థులకు, కమిటీవారికి మనవి

విద్యార్థులు ఒకరి పాస్‌వర్డును మరియొకరు వాడుకొనుటను స్నేహధర్మముగా భావించుచున్నారు. స్నేహితుడు చేసిన పనికి మన పేర నమోదగు బాధ్యత మనదే యగును. తెరచుకొనని ఫోల్డరు కొరకు స్నేహితుని పేరరువు తెచ్చుకొనుటకంటె, తన పేర అనుమతి కోరుట గౌరవప్రదము.

కళాశాల కమిటీవారికి గూడ ఒక విన్నపము. విద్యార్థివేతనముల దరఖాస్తులలో ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, కుటుంబ ఆదాయ వివరములు ఉండును. పేద తల్లిదండ్రులు నమ్మకముతో అప్పగించిన కాగితములవి. వ్యక్తుల సమాచారమును కాపాడుటకై పార్లమెంటు 2023లో ప్రత్యేక చట్టమునే చేసినది. అట్టి కాగితములున్న ఫోల్డరును విద్యార్థుల ఉమ్మడి ఫోల్డరుతో కలుపరాదు. ఏ ఫోల్డరు ఎవరికి, ఎందుకు ఇవ్వబడినదో తెలుపు పట్టికయొకటి ఉండవలెను. ఏటేట చదువు ముగించి వెళ్లిన విద్యార్థుల, బదిలీయైన ఉద్యోగుల పేర్లను ఆ పట్టికనుండి తొలగింపవలెను. ముఖ్యమైన ఫైళ్ల ప్రతియొకటి నెట్‌వర్కునకు తగిలింపని చోట భద్రపరుపవలెను. ఇందు దేనికిని అధిక ధనవ్యయము లేదు. కావలసినది శ్రద్ధ.

అనుమతి లేదను మాట వినబడినప్పుడు కోపము తెచ్చుకొనక, అడ్డగించిన ద్వారపాలకుడెవడు, అతడడిగిన ప్రశ్న యేమి అని శాంతముగా విచారించు విద్యార్థికి ఈ చిక్కు పావుగంటలో విడిపోవును. ఇట్టి విచారణ అలవడిన బుద్ధి కంప్యూటరు గదిలోనే గాక జీవితమున అన్ని కచేరీల యెదుటను రాణించునని మా విశ్వాసము.